మా అమ్మాయికి తెలుగు రాదని చెప్పాను

ఏళ్ళ తరబడి ఒక మాటను మోస్తున్నాను. అది నా మాట కూడా కాదు. మా అమ్మాయి సగం పలికిన మాట. మిగతా సగం బయటికి రాకుండా అడ్డుపడింది నేను. ఆ సంగతి నాకు తెలుసు, బహుశా దానికీ తెలుసు. మూడో మనిషికి ఇంతవరకూ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. తెలుసుకోవాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాస్త ధైర్యం వచ్చింది.

ముందు నా గురించి చెప్పాలి. లేకపోతే ఇదంతా ఎందుకు చేశానో మీకు అంతుపట్టదు. నాకు నోరెక్కువ. నన్ను మెచ్చుకునేవాళ్ళూ ఆ మాటే అంటారు, తిట్టుకునేవాళ్ళూ ఆ మాటే అంటారు. కాకినాడలో పుట్టి పెరిగాను. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వల్ల పెళ్ళయ్యాక నోయిడా వచ్చి పడ్డాను. హిందీ ఒక్క ముక్క రాకుండా వచ్చినదాన్ని, ఏడాది తిరిగేసరికి కూరలబండి భయ్యాతో బేరమాడి కొత్తిమీర కొసరు వేయించుకునేదాన్ని. ఢిల్లీలో తెలుగువాళ్ళు ఎక్కడ కలుసుకున్నా మైకు నా చేతికే ఇచ్చేవారు. ఉగాదికి నేనే, దసరాకి నేనే. పిల్లలకు పద్యాలు నేర్పించి వేదిక మీద చెప్పించేది కూడా నేనే. ఈ చివరి వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

అలాంటి నాకు బుజ్జి పుట్టింది. అసలు పేరు రాయను, ఇంట్లో పిలిచే పేరు చాలు.

ఇంట్లో బుజ్జి వాగుడుకాయ. నేను సభలకు ముందు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ మాటలు సరిచూసుకుంటుంటే, వెనకాలే దువ్వెన పట్టుకుని తిరుగుతూ నన్ను వెక్కిరించేది. "సభకు నమస్కారం" అని నేను సాగదీసే తీరు అచ్చం దించేసేది. పద్యాలు నేర్చుకోవడానికి ఇరుగుపొరుగు పిల్లలు మా ఇంటికి వస్తే, అది వంటింట్లోకి దూరి గ్యాస్ బండ పక్కన కూర్చునేది. వాళ్ళు వెళ్ళిపోయాక బయటికొచ్చి, ఎవరు ఎక్కడ తడబడ్డారో, అక్కడ అసలేం రావాలో గడగడా చెప్పేది. తెలుగు అంత తేటగా పలికే పిల్ల ఆ చుట్టుపక్కల లేదు. ఇది తల్లి గొప్ప కాదు. నిజం.

గడప దాటితే మాత్రం నోరు పడిపోయేది. సిగ్గుపడే పిల్లల్ని మీరు చూసే ఉంటారు. అమ్మ కొంగు వెనక దాక్కుంటారు, తొంగి చూస్తారు, నవ్వుతారు, కాసేపటికి కలిసిపోతారు. బుజ్జి దాక్కునేది కాదు. బిగుసుకుపోయేది. ఎవరైనా వంగి పేరు అడిగితే చూపు ఎక్కడో ఒకచోట ఆగిపోయేది, చేతులు చల్లబడేవి. పుట్టినరోజు పిలుపు వస్తే గౌను తొడుగుతుండగానే కడుపునొప్పి అనేది. వేషాలనుకున్నాను. స్కూలు నుంచి రాగానే బూట్లైనా విప్పకుండా బాత్రూముకు పరుగెత్తేది. ఆ పరుగేమిటే అని నవ్వేదాన్ని. రోజంతా టీచరును అడగలేక ఉగ్గబట్టుకుని కూర్చుంటోందని నాకు తట్టలేదు. డబ్బాలో పెట్టిన అన్నం పెట్టినట్టే తిరిగొస్తే బీరకాయ నచ్చలేదేమోనని బెండకాయ పెట్టాను. నలుగురి ముందు నోరు తెరిచి తినడం కూడా దానికి భయమేనని ఎవరనుకుంటారు? నేననుకోలేదు. అనుకోకపోవడం తప్పా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. అది తప్పు కాదేమో. తెలియలేదు, అంతే. నేను ఒప్పుకోవడానికి వచ్చింది దాని గురించి కాదు.

అబద్ధం చాలా చిన్నగా మొదలైంది. ఎవరి గృహప్రవేశంలోనో ఒకావిడ బుజ్జి గడ్డం పట్టుకుని, ఏం చదువుతున్నావమ్మా అని అడిగింది. ఇది బిగుసుకుపోయింది. ఆవిడ మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేలోపే నేను అందుకుని, "దీనికి తెలుగు రాదండీ, ఢిల్లీ పిల్ల కదా" అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, మా వాడూ అంతే, తెలుగులో అడిగితే హిందీలో చెబుతాడు అంటూ వాడి కబుర్లలో పడింది. ఎంత తేలిగ్గా తప్పించుకున్నానో చూడండి. మా ఊళ్ళో అయితే ఈ మాట చెల్లేది కాదు. ఢిల్లీలో చెల్లుతుంది. ఇక్కడ పిల్లలకు తెలుగు రాదంటే ఎవరూ ఆశ్చర్యపోరు, వాళ్ళ పిల్లలకూ రాదు కనక కాస్త ఊరట కూడా పడతారు. అదే, నా కూతురు మనుషుల ముందు మాట్లాడదండీ అని చెప్పి ఉంటే? ఏమైంది, ఎవరికైనా చూపించారా, పుట్టినప్పటి నుంచీ ఇంతేనా? మైకు పట్టుకుని నాలుగు వందల మందిని నవ్వించే మనిషికి ఇలాంటి పిల్లా? ఎవరూ అననేలేదు ఆ మాట. నా చెవులకే వినపడేది.

తర్వాత అది అలవాటైపోయింది. తెలుగువాళ్ళకు, దీనికి హిందీ తప్ప రాదని చెప్పేదాన్ని. మా అపార్ట్‌మెంట్లలో హిందీవాళ్ళకు, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, దీనికింకా హిందీ పట్టుబడలేదు అని చెప్పేదాన్ని. రెండు వైపులా తలుపు వేశాను. లోపల బుజ్జి క్షేమంగా ఉందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? అదీ ఉంది. నా పరువూ ఉంది. ఏది ఎంత అని ఇప్పుడు విడదీయమంటే నా వల్ల కాదు.

ఇక ఆ ఉగాది సంగతి. బుజ్జికి అప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. జనక్‌పురిలో ఒక కమ్యూనిటీ హాలు తీసుకుని పండగ చేశాం. ఢిల్లీలో ఉగాదినాటికి వేపచెట్లు సరిగా పూతకు రావు, కాస్త వెనకబడతాయి. అందుకని పచ్చడికి ఎవరో ఒకరు ఊరి నుంచి ఎండబెట్టిన వేపపువ్వు తెప్పిస్తారు. ఆ ఏడాది తెచ్చింది విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. కొడుకు సైన్యంలో ఉద్యోగి, కంటోన్మెంటులో ఉండేవాడు. కొడుకును చూడ్డానికి వచ్చి, పండగ కలిసొచ్చిందని హాలుకు వచ్చింది. ఎండిన పువ్వులో సన్నటి పుల్లలు ఉంటాయి, ఏరకపోతే పచ్చడి తాగేటప్పుడు గొంతులో గుచ్చుకుంటాయి. ఆవిడ ఒక మూల కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని పుల్లలు ఏరుతోంది. పక్క కుర్చీలో బుజ్జి. దాన్ని ఆ మూల కూర్చోబెట్టింది నేనే, ఎవరి కంటా పడదని.

ఆవిడ బుజ్జిని పేరు అడగలేదు. ఏ క్లాసు అనలేదు. పాట పాడతావా, పద్యం చెబుతావా అనలేదు. అసలు దాని ముఖం వైపే చూడలేదు. కాసేపయ్యాక పళ్ళెం కొంచెం దాని వైపు జరిపింది, అంతే. నేను వేదిక దగ్గర మైకు సరిచూసుకుంటూ ఓ కంట కనిపెడుతున్నాను. బుజ్జి చెయ్యి మెల్లగా పళ్ళెంలోకి వెళ్ళింది. ఒక పుల్ల తీసింది. ఇంకోటి తీసింది. ఇద్దరూ తలలు వంచుకుని ఏరుకుంటున్నారు. నాకు ఏమనిపించిందో నిజం చెప్పనా? హమ్మయ్య, ఎవరూ దీన్ని కదిలించడం లేదు అనిపించింది. అంతకుమించి ఏమీ అనిపించలేదు.

అప్పుడే కొత్తగా ఢిల్లీ వచ్చిన ముగ్గురు ఆడవాళ్ళు నన్ను పలకరించారు. పద్యాలు చెప్పే పిల్లల్లో మీ అమ్మాయి ఏదండీ అని వాళ్ళలో ఒకావిడ అడిగింది. "మా దానికి తెలుగు ఎక్కడ వస్తుందండీ, అంతా హిందీయే" అన్నాను. దీపం కింద చీకటన్నమాట అని ఆవిడ వేళాకోళమాడింది. నేనూ నవ్వాను. నవ్వుకుంటూనే నలుగురం పచ్చడి బల్ల వైపు నడిచాం. ఆ దారిలోనే ఉన్నారు వాళ్ళిద్దరూ. మేం దగ్గరికి వచ్చేసరికి ఆ పెద్దావిడ, తల ఎత్తకుండానే, పళ్ళెంతో అన్నట్టుగా అడిగింది.

"ఏటమ్మా, పుల్లలు అయిపోనాయా?"

అడిగి ఊరుకుంది. రెట్టించలేదు. తన పని తను చేసుకుంటూనే ఉంది. బుజ్జి వేళ్ళు ఆగాయి. పెదవులు కదిలాయి.

"ఇంకా కొ..."

నేను విన్నాను. గొంతు బొంగురుగా, చాలా చిన్నగా వచ్చింది. కానీ వచ్చింది. ఊరూ పేరూ తెలియని మనిషితో, హాలు నిండా జనం ఉండగా, నా కూతురు మొట్టమొదటిసారి నోరు విప్పింది. ఇంకా కొన్ని ఉన్నాయి అని చెప్పబోయింది. ఆ క్షణం కోసం నేను ఎన్ని మొక్కులు మొక్కానో మీకు తెలియదు. ఆ మాట నా చెవిన పడగానే నాకు రావాల్సింది సంతోషం. వచ్చింది భయం. వెనకాల ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇప్పుడే కదా తెలుగు రాదని చెప్పావు అంటారు. తెలుగు వచ్చిన పిల్ల మరి ఎందుకు మాట్లాడదు అంటారు. బుజ్జి మాట పూర్తయితే నా అబద్ధం బయటపడుతుంది. ఆ ఒక్కటే నా బుర్రలో మెదిలింది. అందులో బుజ్జి మెదల్లేదు.

నేను గొంతు పెంచాను. నా మైకు గొంతు. "అయ్యో పిన్నిగారూ, దానికి తెలుగు రాదండీ" అన్నాను. ఆ సగం మాట నా మాట కింద పడిపోయింది. అక్కడితో ఆగానా? బుజ్జి వైపు వంగి, నవ్వు ముఖంతో, పుల్లలు అయిపోయాయా అని ఆంటీ అడుగుతున్నారు బేటా అని హిందీలో చెప్పాను. పుట్టినప్పటి నుంచీ దానితో నేను ఒక్క మాటైనా హిందీలో మాట్లాడలేదు. అది నా ముఖంలోకి చూసింది. ఏం జరుగుతోందో అర్థం కానట్టు చూసింది. తర్వాత నోరు మూసుకుంది. ఆ పెద్దావిడ తల ఎత్తి నన్ను చూసింది, దాన్ని చూసింది. ఓహో అంది. తనకు వచ్చిన నాలుగు ముక్కల హిందీలో, అచ్ఛా బేటీ, అచ్ఛా అని దాని వీపు మీద నిమిరింది. అంత పక్కన కూర్చున్న మనిషికి ఆ మాట వినపడకుండా ఎలా ఉంటుంది? వినే ఉంటుంది. నా గుట్టు మాత్రం బయటపెట్టలేదు.

తర్వాత నేను వేదిక ఎక్కాను. పద్యాలు చెప్పే పిల్లల్ని పేరుపేరునా పిలిచాను. తడబడిన వాళ్ళను అందించి గట్టెక్కించాను. అందరి చేతా చప్పట్లు కొట్టించాను.

ఇంటికి మెట్రోలో వెళ్ళాం. జనక్‌పురి నుంచి నోయిడా దాకా చాలాసేపు పడుతుంది. మా ఆయన కాస్త దూరంగా నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. బుజ్జి నా ఒళ్ళో కూర్చుని, నా చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది.

"అమ్మా, నాకు తెలుగు రాదా?"

తెలుగులోనే అడిగింది.

"ఎందుకు రాదూ? వచ్చు."

"మరి ఆ మామ్మగారికి రాదని చెప్పావు కదా."

"అలా చెబితే నిన్ను ఎవరూ ఏమీ అడగరమ్మా. నీకే కదా హాయి."

అది కిటికీ వైపు తిరిగి ఆలోచించుకుంది. మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చింది.

"అయితే స్కూల్లో కూడా అలాగే చెప్పవా?"

ఈ ప్రశ్నను నేను ఎన్నోసార్లు తిరగేసి చూసుకున్నాను. నన్ను నిలదీయలేదు అది. అలగలేదు. ఒక ఉపాయం దొరికిందని ఊపిరి పీల్చుకుంది. పిల్ల నోట మొదటి మాటను నొక్కేసి, ఆ నొక్కేయడాన్నే దానికి తాయిలంలా చేతిలో పెట్టాను. అది తీసుకుంది. ఏడేళ్ళ పిల్ల ఇంకేం చేస్తుంది?

స్కూల్లో కూడా చెప్పాను. ఎక్కువ రోజులు పట్టలేదు. తల్లిదండ్రుల సమావేశానికి వెళితే, క్లాసు టీచరు బుజ్జి లెక్కలు, ఇంగ్లీషు రాతలు చూపించి మెచ్చుకుంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. ఈ పిల్ల మంచినీళ్ళు కావాలని కూడా అడగదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తుతుంది తప్ప పలకదు. మొండితనం అనుకోవడం లేదు, భయపడుతోందని నా అనుమానం, ఒకసారి ఎవరికైనా చూపించండి అంది. ఆ టీచరుది చిన్న వయసే. అయినా సరిగ్గా పట్టుకుంది. బుజ్జి నా పక్కనే ఉంది. నా కుర్తా అంచు పట్టుకుని రెండుసార్లు లాగింది. చెప్పు అని. నేను చెప్పాను. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడం మేడమ్, దీనికి హిందీ ఇంకా రావడం లేదు, అందుకే అని. టీచరు ముఖం తేటపడింది. ఇంతేనా, నేను ఇంకేదో అనుకున్నాను అంది. ఆ తర్వాత వారానికి ఇన్నిసార్లని బుజ్జిని విడిగా కూర్చోబెట్టి హిందీ నేర్పింది. వచ్చిన హిందీనే బుజ్జి బుద్ధిగా మళ్ళీ నేర్చుకుంది. అన్నీ సరిగ్గా రాసి తెచ్చింది. నాకు నవ్వొచ్చింది కూడా, ఆ రోజుల్లో.

అక్కడితో ఆ తలుపు కూడా మూసుకుపోయింది. చూపించండి అని చెప్పిన ఒక్క మనిషినీ నేను పక్కదారి పట్టించాను.

ఆ తర్వాతి సంవత్సరాలను పెద్దగా సాగదీయను. బుజ్జి పెరిగింది. ఒకే ఒక్క స్నేహితురాలు, ఆ అమ్మాయి ఊరు మారిపోయాక అదీ లేదు. మార్కులకు లోటు లేదు కనక మా ఆయనకు బెంగ లేదు. నా పోలిక, నేనూ చిన్నప్పుడు ఇంతే అనేవాడు. తొమ్మిదో తరగతిలో ఒకసారి క్లాసు ముందు నిలబడి ఏదో పాఠం చెప్పాల్సి వచ్చింది. ముందురోజు నుంచే వాంతులు. వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. తర్వాత అసలు వెళ్ళనంది. కడుపుకు చేయించని పరీక్ష లేదు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి ఆ డాక్టరే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళమని చెప్పాడు.

ఆ కౌన్సెలర్ నాకూ మా ఆయనకూ చాలా ఓపికగా చెప్పింది. దీన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు, నలుగురి చూపు తన మీద పడితే తప్పు చేస్తానేమో, నవ్వుతారేమో అన్న భయం శరీరాన్ని పట్టేస్తుంది అంది. పొగరు కాదు, మొండితనం కాదు, మీ పెంపకం వల్ల వచ్చిందీ కాదు అంది. ఆ చివరి మాటను నేను ఎంత ఆబగా పట్టుకున్నానో. తప్పు నాది కాదని ఎవరో తీర్పు చెప్పినట్టు పొంగిపోయాను. తర్వాత ఆవిడ ఇంకో మాట అంది. ఇంట్లోవాళ్ళు ప్రేమతోనే పిల్ల తరఫున తామే జవాబు చెప్పేస్తుంటారు, పిల్లకు ఆ పూటకు హాయిగా ఉంటుంది, భయం మాత్రం మరింత ముదురుతుంది అంది. నేను తల ఊపాను. అప్పుడు అడిగింది. చిన్నప్పుడు ఎప్పుడైనా బయటివాళ్ళతో తనంతట తాను మాట్లాడబోయిందా? అప్పుడు ఏం జరిగింది?

మా ఆయన నా వైపు చూశాడు. ఇలాంటివి నాకే గుర్తుంటాయని ఆయన నమ్మకం. వేపపువ్వు పళ్ళెం నా కళ్ళ ముందుకు వచ్చింది.

లేదు మేడమ్, ఎప్పుడూ లేదు అన్నాను.

ఉగాదినాడు చేసినదానికి తెలియకపోవడం అని ఒక సాకు ఉంది. క్షణకాలపు పని, ఆలోచించుకునే వ్యవధి లేదు అని కూడా అనుకోవచ్చు. ఈసారి నా దగ్గర ఏ సాకూ లేదు. తీరిగ్గా, తెలిసి, దానికి సాయం చేయడానికి కూర్చున్న మనిషి ముందు అబద్ధం చెప్పాను. ఎందుకు? ఆయన ముందు మంచి తల్లిగా మిగలాలనా? ఆవిడ చూపులో నేను పడిపోతాననా? ఆ క్షణంలో కూడా నాకు నేనే ముఖ్యమయ్యాను, అంతే కదా.

దాని ఖరీదు ఏమిటో నాకు తర్వాత తెలిసింది. మొదట్లో ఆవిడ ఎదురుగా కూర్చుని మాట్లాడిస్తే బుజ్జి ఒక్క మాటా మాట్లాడేది కాదు. నెలలు గడిచాయి. మానేద్దాం అని ఏడ్చింది కూడా. ఒకనాడు ఆవిడ బల్ల మీద చిక్కుపడిన ఊలు ఉంటే, ఊరికే దాని చేతికి ఇచ్చి తను వేరే పని చూసుకుంటూ ఆ ఊలు గురించే ఏదో అడిగిందట. బుజ్జి జవాబు చెప్పింది. చేతికి పని ఉంటే, ముఖంలోకి ఎవరూ చూడకపోతే, అడిగి ఊరుకుంటే, బుజ్జి మాట్లాడుతుంది. ఆవిడ ఎంతో సంబరంగా నాకు ఈ సంగతి చెప్పింది. నేనూ సంబరపడ్డట్టు ముఖం పెట్టాను. విజయనగరం పెద్దావిడ పళ్ళెం జరిపిన రోజే నాకు తెలిసిన సంగతి అది. మొదటి రోజే నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ నెలలన్నీ నా కూతురికి మిగిలేవి.

ఆ తర్వాత నేను మారలేదనను. నోరు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఎవరైనా దాన్ని ఏదైనా అడిగితే నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఆగుతున్నాను. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో నాలాంటి వాగుడుమనిషికే తెలుస్తుంది. మందుల దుకాణంలో చీటీ ఇచ్చి పంపడం, తర్వాత చీటీ లేకుండా పంపడం, జ్యూసు బండి దగ్గర దానికి కావలసింది దాన్నే చెప్పుకోనివ్వడం, చెప్పగలిగితే అక్కడే శభాష్ అని నలుగురి ముందూ అరవకుండా ఇంటికొచ్చాక మామూలుగా ఓ మాట అనడం. ఇవన్నీ చేశాం. అది మళ్ళీ చదువులో పడింది. ఇప్పుడు ఇంటర్ అయిపోవస్తోంది. భయం పోలేదు, దానితోపాటే నడవడం నేర్చుకుంటోంది. మైకు పట్టుకోవడం నేను మానేశాను. నడుంనొప్పి అని చెప్పాను అందరికీ. అదీ అబద్ధమే.

మొన్న లిఫ్టులో ఒకావిడ కలిసింది. గుంటూరు నుంచి కొత్తగా వచ్చారు, మా పై అంతస్తు. నేను ఫోనులో మాట్లాడటం విన్నదో ఏమో, తెలుగువాళ్ళేనా అని సంతోషపడిపోయింది. నా వైపు నుంచి బుజ్జి వైపు తిరిగింది.

"ఏమ్మా, నీకు తెలుగు వచ్చా?"

బుజ్జి నా వైపు చూసింది. నేను ఆగాను. నేర్చుకున్నాను కదా. పెదవి కదపలేదు. ఈసారి నేను అడ్డుపడను, నీ మాట నువ్వే చెప్పు తల్లీ అని లోపల అనుకుంటున్నాను. నా నిగ్రహానికి నాకే కాస్త గర్వంగా కూడా ఉంది. లిఫ్టు పైకి పోతోంది. బుజ్జి తల ఎత్తి, ఆవిడ ముఖంలోకి సూటిగా చూసి, వణకకుండా, స్పష్టంగా చెప్పింది.

"నహీ ఆంటీ. తెలుగు నహీ ఆతీ."

అడిగిన కొత్త మనిషికి, నా సాయం లేకుండా, తెలుగు రాదని ఒక పూర్తి వాక్యం. కౌన్సెలర్ వింటే ఎంత సంతోషించేదో. ఒక తెలుగు మనిషికి నా కూతురు తనంతట తాను చెప్పిన మొదటి పూర్తి మాట అది. ఆ మాట నాది. నేను దాని నోట్లో పెట్టిందే. ఆవిడ నవ్వి, ఢిల్లీ పిల్లలు కదా అంది. మా అంతస్తు వచ్చింది. దిగిపోయాం. తాళం తీస్తుంటే వెనక నుంచి బుజ్జి, కాకినాడ యాసతో, ఇవాళ కూరేం చేస్తావమ్మా అని అడిగింది.

నేను ఆవిడకు నిజం చెప్పి ఉండాల్సిందా? చెబితే మళ్ళీ దాని మాట మీద నా మాట వేసినట్టే. ఊరుకుంటే అబద్ధం నిలబడ్డట్టే. ఏం చేసినా తప్పయ్యే చోటికి మమ్మల్ని తీసుకొచ్చింది నేనే. బుజ్జికి ఆ ఉగాది గుర్తుందో లేదో అడగలేదు. గుర్తుంటే ఎలా అని భయం. గుర్తు లేకపోతే ఇంకా భయం, అప్పుడు ఆ సగం మాటను ఈ లోకంలో దాచుకున్నది నేనొక్కదాన్నే అవుతాను. క్షమించమని అడగడానికి ఇది రాయడం లేదు. క్షమించడానికి మీరెవరు, మీకు నేనేం చేశానని? అడగాల్సింది దాన్ని. అడుగుతాను. ఎప్పుడో తెలియదు. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నా చేతులు చల్లబడుతున్నాయి. బుజ్జికి ఎలా ఉండేదో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ముందు ఇక్కడ అంటున్నాను, ఆ మాట అనడం నాకు అలవాటు కావడానికి. ఏళ్ళుగా అందరికీ తలకిందులుగా చెప్పిన మాటను ఒక్కసారి సరిగ్గా చెబుతాను. మా అమ్మాయికి తెలుగు వచ్చు. మొదటి నుంచీ వచ్చు. ఆ రోజు మాట్లాడబోయింది. నేనే మాట్లాడనివ్వలేదు.